గోడకు అటువైపు

తొమ్మిది మైళ్ల చుట్టు.
పొద్దున ఏడింటికి ఏ గేటుకున్న నారింజ తాడు విప్పుతామో
పొద్దువాలాక మళ్లీ దానికే ముడేస్తాం.
ప్రదక్షిణ అందామంటే నడుమ దేవుడు లేడు.
ఒక లోయ, లోయలో ఏరు,
ఏటి ఒడ్డున పదకొండు ఇళ్లు,
వాటిలో తొమ్మిదింటి కొట్టాల్లో
మోచేతిదాకా చెయ్యిపెట్టి గొర్రెపిల్లల్ని లాగినదాన్ని నేను.

మైల్స్ కాప్‌స్టిక్ ముందు, అతని కుక్క మోస్ అంతకన్నా ముందు.
డెబ్భై నాలుగేళ్లు. కుడిమోకాలు అరిగింది.
ఎక్కుడు అతనికి లెక్కే కాదు,
దిగుడొస్తేనే నోరు పారేసుకుంటాడు.

చెట్టన్నది లేని కొండలు.
వానకి నాని, గాలికి ఆరి,
పడుకున్న పశువుల వెన్నుల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.
కాలికింద నల్లటి పీట్ నేల,
నానిన అటుకుల మీద నడిచినట్టు.
ఎక్కడో ఒక కర్లూ పిట్ట
కూత మొదలుపెట్టి, మరిచిపోయి, మళ్లీ మొదటినుంచి.

నడక ఆపకుండానే అతను గొర్రెల్ని ఎంచుతాడు:
యాన్, టాన్, టెథెరా, మెథెరా, పింప్.
ఇరవై అయితే ఒక గులకరాయి
ఈ జేబులోంచి ఆ జేబులోకి.
"భాషంతా ఎప్పుడో పోయింది," అన్నాడొకసారి,
"అప్పులవాడి ఇంట్లోలాగా లెక్క మాత్రం మిగిలింది."

పైన కంచెలు లేవు. ఏ మంద మేత దానిదే.
ఎక్కడ ఆగాలో
తల్లి పక్కన నడిచి పిల్ల నేర్చుకుంటుంది.
గొర్రెలకి తెలిసింది అన్నదమ్ములకి తెలియలేదు.
ఈ మాట నాది, అతనిది కాదు.

ప్రతిసారీ గోడకి లోపలివైపే దిగేవాళ్లం.
ఫిబ్రవరి వరద కాలివంతెనని పట్టుకుపోయింది.
ఏరు దాటాలంటే ఇప్పుడు పై రేవుకి,
గోడకి అవతలగా పోవాలి.
రాతిమెట్ల దగ్గర అతను చాలాసేపు బూటు లేసు కట్టుకున్నాడు.
రెండు బూట్లకీ. మళ్లీ విప్పి, మరోసారి.

సున్నం లేదు, మట్టి లేదు, రాతి మీద రాయి.
అలాంటి గోడ ఇద్దరు కడతారు,
చెరోవైపు, ఎదురెదురుగా,
నడుమ చిన్నరాళ్లు కూరుకుంటూ.
లోపలివైపు మైల్స్. బయటివైపు అన్న లాన్సెలాట్.
ఒక వేసవంతా మొహాలు చూసుకుంటూ కట్టారు,
గోడ గడ్డాలదాకా లేచేవరకు.
తర్వాత ఒక పొట్టేలు అమ్మకం.
పొట్టేలు ఏనాడో చచ్చింది.
మాటలు లేక ముప్పై ఒక్క ఏళ్లు.
అన్న పోయిన చలికాలం పోయాడు.
మైల్స్ చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుని,
టీ ఇవ్వకముందే వచ్చేశాడు.

లోపలివైపు గోడకి కడుపొచ్చి చాన్నాళ్లైంది,
రెండుచోట్ల జారింది కూడా.
బయటివైపు తాడు పట్టినట్టుంది.
మైల్స్ అరచెయ్యి ఆనించాడు,
చూలావు పొట్ట మీద నేను ఆనిస్తానే, అలా.

"వాడు రాయిని పొడుగ్గా లోపలికి పెట్టాడు,
చివర మాత్రమే కనపడేట్టు.
నేను అడ్డంగా పరిచాను, పెద్దగా కనిపిస్తుందని."
కాసేపాగి, "నాకు అప్పుడే తెలుసు," అన్నాడు.
ఏది తెలుసో నేనడగలేదు.

జేబులోంచి ఒక గులకరాయి తీసి
సందులో పెట్టబోయాడు. పట్టలేదు.
తిప్పి పెట్టాడు. జారి గడ్డిలో పడింది.
మోస్ వాసన చూసి వదిలేసింది.
అతను వంగి, మోకాలిని తిట్టి,
రాయిని తిరిగి జేబులో వేసుకున్నాడు.
"ఇది పోతే ఇరవై గొర్రెలు పోయినట్టే నాకు."

రేవులో నీళ్లు మోకాళ్లు దాటి.
చల్లదనం కాదది, కరవడం.
ఒకరి భుజం ఒకరం పట్టుకున్నాం.
నడిమధ్యలో ఎవరు ఎవర్ని దాటిస్తున్నదీ తెలియలేదు.

గేటు చేరేసరికి ఇంకా వెలుతురుంది.
తాడు తడిసింది, అతని వేళ్లు వంగలేదు,
ముడి నేనేశాను.
"వదులుగా వెయ్యి," అన్నాడు,
"రేపు నేనొక్కణ్ణే విప్పుకోవాలి."